నలుగురి మనసు నెరుగు యంత్రము

ఒంటరిగా విహారమునకు బయలుదేరువానికి గమ్యనిర్ణయ మొక క్షణపు పని. నలుగురు కలిసి పోదలచినప్పుడు మాత్రము, పోవుట కంటె ఎచ్చటికి పోవలెనో తేల్చుకొనుటయే దుష్కరమగును. “నీ యిష్టం” అని యొకరు, “ఏదైనా సరే” అని వేరొకరు, “మీరంతా ఎక్కడంటే అక్కడే” అని మూడవవారు చెప్పుచుండగా సాయంకాలము గడచిపోవును. తుదకు గట్టిగా మాటాడువారి మాటయే చెల్లును, లేదా ఎవరును ఎక్కడికిని పోకుందురు. ఈ చిక్కును విప్పుటకై చేతిఫోనులోనికి వచ్చిన సాధనమే సామూహిక నిర్ణయపు యాప్. బృందములోని ప్రతివారి అభిరుచిని, తీరికను, ఖర్చుపెట్టగల శక్తిని విడివిడిగా అడిగి తెలిసికొని, అందరికి నొప్పు సినిమానో, హోటలునో, విహారస్థలమునో ఇది సూచించును. చూపునకు నిన్నమొన్నటి వస్తువువలె నున్నను, దీని గర్భమునందలి గణితము ఫ్రెంచి విప్లవము కంటె ముందటిది. దీనికి కావలసిన మనస్తత్త్వజ్ఞానమును శాస్త్రజ్ఞులు చాల శ్రమపడి సంపాదించినారు.

యంత్రమును గూర్చి చెప్పుటకు ముందు అది మాన్పవలసిన రోగమును గూర్చి చెప్పవలెను. అమెరికా దేశమున జెర్రీ హార్వీ అను ఆచార్యుడు 1974లో ఒక వ్యాసమున తన కుటుంబమున జరిగిన ఉదంతమును వర్ణించినాడు. టెక్సాసు రాష్ట్రమున కోల్మన్ అను చిన్న పట్టణము. జూలై మాసపు ఎండ, వేడిమి 40 డిగ్రీలు. ఇంటి వెనుక వసారాలో పంకా తిరుగుచుండగా, చల్లని నిమ్మరసము త్రాగుచు, నలుగురు డామినో లాడుకొనుచు హాయిగనే యున్నారు. అంతలో మామగారు, 53 మైళ్ల దూరముననున్న ఆబిలీన్ పోయి భోజనము చేసి వత్తమనిరి. భార్య బాగున్నదనెను, హార్వీయు, అత్తగారికి ఇష్టమైనచో తనకును ఇష్టమే యనెను, అత్తగారు తప్పక పోదమనెను. చల్లదనపు సాధనము లేని పాత బ్యూయిక్ కారులో, దుమ్ము చెమటతో కలిసి మేనికంటుకొనగా, పోయి, రుచిలేని తిండి తిని, నాలుగు గంటల పిమ్మట తిరిగివచ్చిరి. అప్పుడుగాని తేలలేదు, నలుగురిలో ఒక్కరికిని పోవలెనని లేదని! మామగారు సైతము, తక్కినవారికి విసుగుగా నున్నదేమోయని మాట వరుసకు అనినవారే. ప్రతివారును తక్కిన ముగ్గురి కోరికను ఊహించి దానికి లోబడిరి. ఆ ఊహలన్నియు తప్పే. కలహించిన బృందములకంటె ఇట్లు మర్యాదకు మౌనము వహించిన బృందములే ఎక్కువగా చెడుచున్నవని నా తలంపు. కావున ఈ యంత్రమునకు కలహమును తీర్చుటతోపాటు మౌనమును మాటాడించుటయు విధియే.

ఇక గణితము. నావికుడును ఇంజనీరునైన బోర్డా అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1770లో పారిసులోని విజ్ఞాన పరిషత్తు ఎదుట ఒక పద్ధతిని ప్రతిపాదించెను. ఓటరు ఒక్కనిని మాత్రము ఎన్నుకొనక, అభ్యర్థులందరిని తన ఇష్టానుసారముగ వరుసలో నిలుపవలెను. ఆ వరుసను బట్టి ఒక్కొక్కరికి మార్కులు వేసి కూడవలెను. ఇది మోసమున కెడమిచ్చునని ఆక్షేపించిన వారికి, తన పద్ధతి నిజాయితీపరుల కొరకే యని అతడు బదులు చెప్పినాడందురు. రాజకీయములలో ఆ సమాధానము నిలువకపోవచ్చును. ఆదివారము ఎచ్చట గడుపుదమాయని యోచించు నలుగురు మిత్రుల నడుమ అది చక్కగా నిలుచును.

1785లో కాండోర్సే పండితు డింకను లోతునకు పోయెను. విశాఖపట్టణమున ముగ్గురు మిత్రులున్నారనుకొనుడు. మొదటివానికి బీచి, ఆ తరువాత కైలాసగిరి, చివరకు సినిమా ఇష్టము. రెండవవానికి కైలాసగిరి, సినిమా, బీచి. మూడవవానికి సినిమా, బీచి, కైలాసగిరి. రెండేసి చొప్పున పోల్చి ఓట్లు లెక్కింపుడు. బీచి కైలాసగిరిని ఇద్దరి బలముతో ఓడించును. కైలాసగిరి సినిమాను ఇద్దరి బలముతో ఓడించును. ఇట్లుండగా సినిమా బీచిని ఇద్దరి బలముతోనే ఓడించును! ముగ్గురిలో ఒక్కడును తెలివిమాలినవాడు కాడు, ఎవని వరుస వాని మట్టుకు సక్రమముగనే యున్నది. అయినను బృందమున కొక వరుస లేదు. కెన్నెత్ ఆరో 1951లో దీనినే విస్తరించి, మూడు గాని అంతకుమించి గాని వికల్పములున్నప్పుడు, వరుసలను మాత్రమే తీసికొను ఏ ఓటింగు పద్ధతియు న్యాయమని మనకు తోచు నియమముల నన్నింటిని ఒక్కసారిగ పాటింపజాలదని నిరూపించెను. 1972లో ఆర్థికశాస్త్రపు నోబెల్ బహుమానమును జాన్ హిక్సుతో పంచుకొన్న ఆరో ఈతడే. యాప్ నిర్మాతల కిది నిరాశ కలిగింపరాదు. నిర్దుష్టమైన సూత్రము లేదని తేలిన పిమ్మట, ఏ దోషమును సహింతుము, ఏ దోషమును సహింపము అని నిర్మాత తానే తెలిసి ఎన్నుకొనవలసి వచ్చును. ఈ యంత్రపు తరువాతి చరిత్ర యంతయు ఆ ఎన్నిక చరిత్రయే.

కంప్యూటరు ఈ కథలో 1990 తరువాత ప్రవేశించెను. 1992లో జిరాక్సు సంస్థ పరిశోధనాలయమున టాపెస్ట్రీ యనునది, 1994లో గ్రూప్‌లెన్స్ యనునది వెలువడి, ఇతరుల అభిప్రాయములను బట్టి ఒకరికి నచ్చు వస్తువు నూహింపవచ్చునని చూపినవి. అయితే అవి యొక్కొక్క వ్యక్తికి విడిగా సలహా నిచ్చునవి. ఒక గదిలోని జనమునంతను ఒక్కటిగ చూచి నిర్ణయించిన తొలి యంత్రములలో ప్రసిద్ధమైనది మ్యూజిక్‌ఎఫ్‌ఎక్స్. దీనిని జోసెఫ్ మెకార్తీ, థియొడోర్ అనగ్నోస్ట్ అను వారు 1998లో ప్రకటించిరి. ఆండర్సెన్ కన్సల్టింగ్ సంస్థ ఉద్యోగుల వ్యాయామశాలలో ఏ సంగీతము మ్రోగవలెననునదే దాని సమస్య. సభ్యులు 91 సంగీతశాఖలకు ప్రాణప్రదమైనచో +2 మొదలు అసహ్యమైనచో –2 వరకు మార్కులు వేసియుండిరి. ఏ వేళ లోపల ఎవరున్నారో యంత్రమునకు తెలిసెడిది. ఆ క్షణమున లోపలనున్నవారి మార్కులను బట్టి అది పాటను మార్చెడిది.

దాని లెక్క చిన్నది, మిక్కిలి అందమైనది. ప్రతి మార్కునకు రెండు కలిపి, వచ్చినదానిని వర్గముచేసి, అందరివి కూడును. అనగా ప్రాణప్రదమైనదానికి 16, ఇష్టమైనదానికి 9, తటస్థమునకు 4, అయిష్టమునకు 1, అసహ్యమునకు సున్న. ఇద్దరున్నచోట, ఇద్దరికి మామూలుగ ఇష్టమైన పాటకు 18 వచ్చును. ఒకరికి ప్రాణమై వేరొకరికి అసహ్యమైన పాటకు 16 వచ్చును. కనుక ఉమ్మడి ఇష్టమే గెలుచును. కాని ఇద్దరికిని తటస్థమైన పాటకు వచ్చునవి 8 మాత్రమే గనుక, చప్పని రాజీకంటె ఒకరి ఉత్సాహమునకే ఆ సూత్రము విలువ నిచ్చుచున్నది. అంతటితో ఆగక, మొదటి స్థానము వచ్చిన శాఖనే ఎప్పుడును మ్రోగింపక, పై స్థానముల వానిలో ఒకదానిని బలాబలముల ననుసరించి చీటి తీసినట్లు ఎన్నుకొనును. అందుచే అల్పసంఖ్యాకులకును అప్పుడప్పుడు తమ పాట వినబడును.

మూడేండ్ల తరువాత, 2001లో, మినిసోటా విశ్వవిద్యాలయపు వారు పాలిలెన్స్ అనుదానిని వెలువరించిరి. 1997 నుండి నడచుచున్న మూవీలెన్స్ అను సినిమా సలహాదారుకు ఇది బృందరూపము. ఇద్దరు ముగ్గురు కలిసి చూడబోవు సినిమా నెన్నుకొనుటకు వీరు పూర్తిగ వేరు మార్గము త్రొక్కిరి: బృందములో అందరికంటె తక్కువ సంతోషించువాని సంతోషమే బృందపు సంతోషము. సగటుకును దీనికిని గల భేదమును మనవారి నడుమనే చూతము. విజయవాడలో నాయనమ్మ, తండ్రి, ఇద్దరు పిల్లలు ఒక సెలవునాడు బయలుదేరుచున్నారు. ఉండవల్లి గుహలకు ఐదు మార్కులకు గాను పిల్లలును తండ్రియు తలకు 5 వేసిరి. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని నాయనమ్మ 1 వేసెను. పడవలో కూర్చుండి పోదగిన భవానీ ద్వీపమునకు నాయనమ్మ 4, తండ్రి 3, పిల్లలు ఒకరు 4, ఒకరు 3 వేసిరి. సగటు చూచినచో గుహలకు 4, ద్వీపమునకు 3.5, కావున సగటు గుహలకే పొమ్మనును. పాలిలెన్స్ మార్గమున గుహల విలువ 1, ద్వీపము విలువ 3. అది పడవ నెక్కింపుమనును. ఈ యింటివారి నడిగినను పడవయే యందురని నా నమ్మకము. చిన్న బృందమునకు ఈ మార్గమే తగినది. ఇరువదిమంది వనభోజనమునకు పోవునప్పుడు మాత్రము, ఎవరో యొకరికి ప్రతిదియు నచ్చకుండుట సహజము గనుక, ఈ సూత్రము ఏ దారియు చూపలేక నిలిచిపోవును.

ఇటలీలో ట్యూరిన్ నగరమున యాత్రికులకై నిర్మింపబడిన ఇంట్రీగ్ అనునది ఇంకొక మెట్టెక్కినది. అది బృందమును పిల్లలు, పెద్దలు, అంగవైకల్యము గలవారు అని ఉపబృందములుగ చూచి, వారి వారి అవసరములకు తగిన బరువు నిచ్చి, ఏ స్థలము ఎవరికేల అనుకూలమో వివరించి చెప్పెడిది. 2004లో జూడిత్ మాస్తాఫ్ అను పరిశోధకురాలు, యంత్రము సంగతి అటుంచి, మనుష్యులే ఇట్టి పని చేయవలసి వచ్చినప్పుడు ఎట్లు చేయుదురని పరీక్షించెను. వారు న్యాయమును పాటింతురు, ఎవరును మిక్కిలి బాధపడకుండ చూతురు, వరుసగా ఎన్నియో ఎన్నుకొనునప్పుడు ఒకరికే ఎల్లప్పుడు నిరాశ మిగులకుండ జాగ్రత్తపడుదురు. ఈ కడపటి సంగతి నాకు మిక్కిలి విలువైనదిగ తోచుచున్నది. మిత్రబృంద మొక్క ఆదివారముతో ముగియునది కాదు. పోయిన వారము తన మాట చెల్లనివానికి ఈ వారము కొంత మొగ్గు చూపవలెనన్న జ్ఞాపకము యంత్రమునకు లేనిచో, ఎంత సూక్ష్మమైన లెక్కయు స్నేహమునకు తోడ్పడదు.

ఫోను లీ కథను ప్రయోగశాల నుండి వీధిలోనికి తెచ్చినవి. 2000లో న్యూయార్కున పుట్టిన డాడ్జ్‌బాల్, తానెక్కడనున్నదియు ఎస్సెమ్మెస్ ద్వారా మిత్రులకు తెలుపుట కుపకరించినది. గూగుల్ దానిని 2005లో కొని 2009లో మూసివేసెను. జ్యూరిక్కున పుట్టిన డూడుల్, ఏ దినము అందరికి వీలగునో పట్టికలో గుర్తులు పెట్టించెను. ఆమోదమైన వానినన్నింటిని గుర్తించు ఆ పద్ధతియే, బ్రామ్స్, ఫిష్‌బర్న్ అను వారు 1978లో ఓటింగునకు సూచించిన పద్ధతికి చాల దగ్గరి చుట్టము. 2008లో ఆపిల్ యాప్ స్టోరు తెరచిన పిమ్మట, ఎచ్చట తినవలెనో ఏమి చూడవలెనో మిత్రులతో తేల్చించు యాప్‌లు ఎన్నియో పుట్టినవి, గిట్టినవి. వాని చావునకు కారణము వెదకుటకు దూరము పోనక్కరలేదు: బృందమున నందరును దించుకొన్నగాని అట్టి యాప్ పనిచేయదు, వారమున కొకసారి మాత్రమే అక్కరకు వచ్చుదానిని అందరి ఫోనులలో నిలుపుట కష్టము. 2022 చివర వాట్సాప్ తన గ్రూపులలోనే పోల్ పెట్టుకొను సౌకర్యము కలిగించుటతో ఆ కష్టము చాలవరకు తీరినది. అందరు నప్పటికే కూడియున్న చోటికి ప్రశ్నయే నడచివచ్చినది. మన యిండ్లలో పెండ్లి చీరల రంగు మొదలు కార్తికమాసపు వనభోజనముల తోట వరకు నేడు దానితోనే తేలుచున్నవి.

అయినను ఆ పోల్‌లో ఒక లోపమున్నది, అది చిన్నది కాదు. ఎవరు దేనికి ఓటు వేసిరో అందరికి కనబడును. మొదట పడిన రెండు మూడు ఓట్లను చూచియే తక్కినవారు వ్రేలు కదపుదురు. పెదనాన్నగారు ఒకదానిని నొక్కిన పిమ్మట వేరొకదానిని నొక్కు కోడలెవరు? సాలమన్ ఆష్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు 1950 ప్రాంతమున చేసిన ప్రయోగములలో, ముందుగా ఏర్పాటు చేసికొన్న మనుష్యులు గీతల పొడవును గూర్చి కావలెనని తప్పు చెప్పుచుండగా, నిజమైన పరీక్షితులు తమ కన్నుల ఎదుట స్పష్టముగ నున్న సత్యమును విడిచి, పర్యాయములలో సుమారు మూడవవంతు ఆ తప్పునే పలికిరి. జవాబును రహస్యముగ వ్రాసి చూపుమన్నప్పుడు ఆ లొంగుబాటు ఎంతయో తగ్గెను. గీత పొడవు విషయముననే ఇట్లున్నప్పుడు, ఇష్టానిష్టముల మాట చెప్పవలెనా? పాలిలెన్స్ వాడినవారు బృందసలహా కొరకు తమ గోప్యతను కొంత వదలుకొనుటకు సమ్మతించిరన్న మాట నిజమే. కాని వారు తామై కోరి చేరిన ఇద్దరు ముగ్గురి స్నేహితుల గుంపులు. డబ్బు లేదనియో, కాళ్లు నొప్పులనియో, ఫలానివారితో పడదనియో పదిమంది ఎదుట చెప్పుకొన వెనుకాడువారికి రహస్యమే రక్ష.

కావున ఈ యంత్రమును కట్టువారు రుచులకంటె ముందు అడ్డంకులను అడుగవలెను. ఎంత దూరము పోగలరు, ఎన్ని గంటలకు ఇల్లు చేరవలెను, ఎంత ఖర్చు పెట్టగలరు, మాంసాహారమా శాకాహారమా యను నాలుగు ప్రశ్నలతోనే ఊరిలోని వికల్పములలో చాలభాగము రాలిపోవును. మిగిలిన నాలుగైదింటికి మాత్రమే మార్కులు వేయించుట చాలును. తుదకొకదానిని సూచించునప్పుడు, ఎవరి పేరును బయటపెట్టక, ఎందుకు సూచించినదో ఒక వాక్యమున చెప్పవలెను. గడువు పెట్టవలెను, గడువు తీరినపిమ్మట తప్పుకొనవలెను, ఏలయన స్నేహితులు ఫోను మూసి కలిసికొనుటయే దాని ప్రయోజనము, వారిని తెర ముందర నిలుపుట కాదు. ప్రకటనల ఆదాయముతో బ్రదుకు యాప్‌లకు ఈ నియమము రుచింపదని ఎరుగుదును; అయినను ఇది విడువరాని నియమము.

హైదరాబాదులోను ఇతర నగరములలోను ఇట్టివానిని నిర్మింప బూనుకొన్న మన యువ ఇంజనీర్లకు నా విన్నప మొక్కటి. మీ మొదటి తెరమీద “ఎక్కడికి పోవలెనని యున్నది?” అని యడుగకుడు, “ఏది మీకు వీలుకాదు?” అని యడుగుడు, ఆ జవాబును మాత్రము ఎవరికిని చూపకుడు.