పేజ్‌మేకర్‌ను వదలని చేతులు
పుస్తకాలు, కరపత్రాలు, శుభలేఖలు అచ్చుకు సిద్ధం చేసే తెలుగు డీటీపీ కేంద్రాలలో పేజ్‌మేకర్ అనే పుటల కూర్పు సాఫ్ట్‌వేర్, 2001లో వెలువడిన 7.0తోనే దాని ఎదుగుదల ఆగిపోయినప్పటికీ, ఆ తరువాత కూడా చాలాకాలం నిలిచి ఉండడాన్ని బద్ధకమని కొట్టిపారేయడం అన్యాయం. దానితో జతగా వాడిన అనూ వంటి పాత ఫాంట్లు యూనికోడ్‌ను, అంటే ప్రపంచ భాషల ప్రతి అక్షరానికీ ఒక స్థిరమైన సంఖ్యను కేటాయించే ఉమ్మడి ప్రమాణాన్ని, అనుసరించక ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు ముక్కలను అమర్చుకున్నందువల్ల, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో పాత ఫైలు తెరిస్తే తెలుగు వాక్యానికి బదులు అర్థంలేని గుర్తుల వరుస కనిపిస్తుంది. పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చిపెట్టే సాధనాలు ఉన్నా, వత్తులు తారుమారయ్యాయేమోనని పుస్తకమంతటికీ మళ్లీ ప్రూఫులు దిద్దవలసిందే. అర్థశాస్త్రం మార్పిడి వ్యయమని పిలిచేది ఇటువంటి భారాన్నే.

అంతకన్నా బలమైనది క్రియాస్మృతి, అంటే ఆలోచనతో పనిలేకుండా చేతికి పట్టుబడిన నేర్పు. ఏళ్ల తరబడి ఒకే కీబోర్డు అమరికపై పనిచేసిన ఆపరేటరు అక్షరాన్ని వెతకడు, వేళ్లే దాని దగ్గరికి వెళ్తాయి. కొత్త అమరికలో ఆ వేగం పడిపోతే, పుటకింతని కూలి తీసుకునేవారికి అది నేరుగా ఆదాయ నష్టం. యూనికోడ్ వల్ల తెలుగు పాఠాన్ని వెతకడం, చూపులేనివారికి కంప్యూటర్ చేత చదివించడం సాధ్యమవుతాయి కనుక ఈ మార్పు అత్యవసరమే. అయితే దాని ఖర్చును ఆపరేటరు ఒక్కడే కాక, ప్రచురణకర్తలు కూడా భరించాలి.