కారు తలుపు స్పీకర్లు

కారు తలుపు స్పీకర్లు అనగా కారు తలుపుల లోపలి వైపున, డోర్ ప్యాడ్ వెనుక అమర్చే ధ్వని పరికరాలు. కంపెనీ బిగించిన స్పీకర్ల స్థానంలో వేరే స్పీకర్లను యజమాని స్వయంగా కూడా అమర్చుకొనవచ్చును. అయితే కారు తలుపు వాననీరు ప్రవహించే స్థలము. ఎండ, దుమ్ము, వాన మూడూ అధికంగా ఉండే నిజామాబాదు, బోధన్ వంటి ప్రాంతాలలో స్పీకరు ధర కంటే అమరిక నాణ్యతయే దాని ఆయుష్షును నిర్ణయిస్తుంది.

నేపథ్యం

అమెరికాలోని గాల్విన్ సంస్థ 1930లో మోటరోలా పేరుతో కారు రేడియోను విక్రయించింది. భారతదేశంలో మారుతి 800 (1983-2014) వంటి చిన్న కార్లు అనేకం స్టీరియో లేకుండానే అమ్ముడయ్యేవి. యజమానులు తరువాత వెనుక అద్దం కింది పలకపై స్పీకర్లు పెట్టించుకొనేవారు. తరువాతి కార్లలో ముందు తలుపులలోనే స్పీకరు చోటు ఏర్పరచడం సాధారణమైంది.

ఆకాశవాణి నిజామాబాదు కేంద్రం 103.2 మెగాహెర్ట్జ్ పై ఎఫ్.ఎం. ప్రసారాలు చేస్తుంది. ఎఫ్.ఎం. ప్రసారంలో సుమారు 15 కిలోహెర్ట్జ్ వరకు ధ్వని ఉంటుంది. ఆ పై స్వరాలు స్పష్టంగా వినిపించుటకు ట్వీటరు గల స్పీకరు అవసరం.

తలుపు నిర్మాణం

తలుపులో వెలుపలి రేకు, లోపలి రేకు, వాటి మధ్య అద్దం దిగే ఖాళీ ఉంటాయి. అద్దం వెంట దిగిన నీరు అడుగున ఉన్న రంధ్రాల ద్వారా బయటకు పోతుంది. లోపలి రేకుపై అతికించిన ప్లాస్టిక్ షీటు ఆ నీటిని డోర్ ప్యాడ్ వైపునకు రాకుండా ఆపుతుంది.

స్పీకరు ముందు వైపు, వెనుక వైపు పుట్టే ధ్వని తరంగాలు పరస్పర విరుద్ధంగా ఉంటాయి. రేకుకు, స్పీకరుకు నడుమ సందు ఉన్నచో అవి కలిసి మంద్ర స్వరాలు తగ్గిపోతాయి. అందుచే స్పీకరు చుట్టూ ఫోమ్ పట్టీ వేయవలెను.

స్పీకర్ల ఎంపిక

* పరిమాణం: 6.5 అంగుళాల స్పీకర్లు విరివిగా వాడుకలో ఉన్నవి. కొన్ని చిన్న కార్లలో ఇంతకంటే చిన్నవి ఉంటాయి.
* లోతు: అద్దాన్ని పూర్తిగా దించి, రేకు నుండి అద్దం వరకు కొలవవలెను. స్పీకరు లోతు అంతకంటే తక్కువ ఉండాలి. చాలనిచో స్పేసర్ వాడాలి.
* నిరోధం: సాధారణంగా 4 ఓములు. ఒకే వైరుకు రెండు స్పీకర్లను సమాంతరంగా కలిపితే నిరోధం 2 ఓములకు తగ్గి స్టీరియో వేడెక్కును.
* పదార్థం: కాగితపు కోను కంటే పాలీప్రొపిలీన్ కోను, ఫోమ్ అంచు కంటే రబ్బరు అంచు తేమకు ఎక్కువ కాలం తట్టుకొంటాయి.

అమర్చు విధానం

1. బ్యాటరీ నెగెటివ్ తీగను తొలగించవలెను.
2. స్క్రూలు విప్పి, క్లిప్పులను ఒక్కొక్కటిగా ఊడదీసి డోర్ ప్యాడ్ తీయవలెను. పవర్ విండో కప్లర్లను వైరు పట్టి లాగరాదు.
3. ప్లాస్టిక్ షీటును చింపక నెమ్మదిగా వేరు చేయవలెను.
4. పాత స్పీకరు తీసి, కొత్తదానిని ఫోమ్ పట్టీతో బిగించవలెను.
5. ప్లస్, మైనస్ సరిచూడవలెను. 1.5 వోల్టుల సెల్లును క్షణం తాకించినప్పుడు కోను ముందుకు కదిలితే సెల్లు ప్లస్ తగిలిన కొస ప్లస్ అగును. ఒక వైపు తారుమారైతే మంద్ర స్వరాలు క్షీణిస్తాయి.
6. కొత్త వైరు అవసరమైతే తలుపు, బాడీ నడుమ ఉన్న రబ్బరు గొట్టం ద్వారానే తీయవలెను. రేకు అంచున ఒరిసిన వైరు షార్ట్ అవుతుంది.
7. అద్దాన్ని ఎత్తి, దించి చూచిన తరువాతనే ప్యాడ్ బిగించవలెను.

బయట కొనే స్టీరియోలలో సాధారణంగా తెలుపు వైరు ముందు ఎడమ, బూడిద రంగు ముందు కుడి, ఆకుపచ్చ వెనుక ఎడమ, ఊదా వెనుక కుడి స్పీకర్లకు చెందుతాయి. నల్ల గీత గల వైరు మైనస్.

నిజామాబాదు ప్రాంతంలో

ఇక్కడ జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి ఋతుపవన వర్షాలు కురుస్తాయి. వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరే రోజులుంటాయి. నిజామాబాదు, బోధన్ పట్టణాలను 63వ జాతీయ రహదారి కలుపుతుంది. రహదారి దిగి పొలాల మధ్య మట్టి దారులలో తిరిగే కార్లలో దుమ్ము తలుపు అడుగు రంధ్రాలను పూడ్చివేస్తుంది. అప్పుడు నీరు నిలిచి స్పీకరు అయస్కాంతం, రేకు తుప్పు పడతాయి. వర్షాకాలానికి ముందు ఈ రంధ్రాలను శుభ్రం చేయుట, ప్లాస్టిక్ షీటును బ్యూటైల్ టేపుతో తిరిగి అతికించుట మేలు. ఎండకు సాధారణ ఇన్సులేషన్ టేపు జిగురు కరుగును. సోల్డరింగ్ చేసి ష్రింక్ ట్యూబు తొడుగుట మంచిది.

జాగ్రత్తలు

కొన్ని కార్లలో తలుపు లోపలి గాలి పీడనాన్ని గమనించి పక్క ఎయిర్‌బ్యాగును తెరిపించే సెన్సారు ఉంటుంది. అట్టి తలుపులో కొత్త రంధ్రం కోసినా, ఉన్న రంధ్రాన్ని తెరచి ఉంచినా ప్రమాద సమయంలో ఎయిర్‌బ్యాగు సరిగా పనిచేయకపోవచ్చును. సాధారణంగా పసుపు రంగు తొడుగుతో ఉండే ఎయిర్‌బ్యాగు వైర్లను తాకరాదు. వారంటీ గల కారులో వైరు కోయక, ఆ కారుకు సరిపడే కప్లరు వాడుట మంచిది. ఆంప్లిఫయరు కూడా చేర్చినచో దాని ప్లస్ వైరుకు బ్యాటరీ సమీపముననే ఫ్యూజు ఉండాలి. లేనిచో షార్ట్ అయిన వైరు మంటకు కారణం కావచ్చును.