ఇంట్లోనే జెల్ నెయిల్స్ వేసుకుంటున్నారా? ఈ ఒక్కటీ మర్చిపోవద్దు!

సిరిపురం సెలూన్‌కో, జగదాంబ దగ్గర పార్లర్‌కో వెళ్లి నెలనెలా జెల్ నెయిల్స్ వేయించుకుంటే పర్సు ఖాళీ. అదే ఆన్‌లైన్‌లో కిట్ కొనుక్కుంటే నెలల తరబడి వస్తుంది. అందుకే మా గాజువాక గ్యాంగ్‌లో ఇప్పుడు ఎవరింటికి వెళ్లినా టేబుల్ మీద ఓ బుల్లి ల్యాంప్ కనిపిస్తోంది. నేనూ రెండేళ్లుగా ఇంట్లోనే వేసుకుంటున్నాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నన్ను సలహా అడిగితే రంగుల గురించి చెప్పను. ముందు ఒకే మాట చెప్తాను: గట్టిపడని జెల్ చర్మానికి అంటకూడదు. మిగతావన్నీ దాని తర్వాతే.

ఎందుకంటే మామూలు నెయిల్ పాలిష్ వేరు, ఇది వేరు. మామూలు పాలిష్ ఆరుతుంది. అందులోని ద్రావకం గాల్లో కలిసిపోయి రంగు మిగులుతుంది. జెల్ అలా ఆరదు. రాత్రంతా ఫ్యాన్ కింద కూర్చున్నా జిగటగానే ఉంటుంది. ల్యాంప్ వెలుతురు పడితేనే అందులోని చిన్నచిన్న అణువులు గొలుసుల్లా అతుక్కుని గట్టి ప్లాస్టిక్‌ అవుతాయి. మోనోమర్ పాలిమర్‌గా మారడం అంటే ఇదే. వైజాగ్ వాళ్లకి ఈ మాటలు కొత్త కాదు. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ లీకయ్యాక మన ఊళ్లో స్కూలు పిల్లలకి కూడా తెలిసిపోయాయి. ఆ విషాదానికీ గోళ్ల రంగుకీ పోలిక పెట్టడం లేదు, రసాయనాలూ వేరు. కానీ గట్టిపడ్డాక దాదాపు ఊరికే పడుండే పదార్థం, గట్టిపడకముందు మాత్రం అలా ఉండదన్న సంగతి ఇక్కడా వర్తిస్తుంది.

చాలా జెల్స్‌లో ఉండే అలాంటి పదార్థం హెమా. పూర్తి పేరు హైడ్రాక్సీఈథైల్ మెథాక్రిలేట్. ఇది చర్మానికి పదే పదే తగిలితే కొందరికి అలర్జీ వస్తుంది. వేలి చుట్టూ దురద, ఎర్రదనం, నీటి పొక్కులు వస్తాయి. గోరు కింద నుంచి లేచిపోవచ్చు కూడా. కొందరికి కనురెప్పలు వాస్తాయి, ఆ వేళ్లతోనే కదా మొహం తాకుతాం. ఒకసారి వచ్చిన ఈ అలర్జీ సాధారణంగా జీవితాంతం ఉండిపోతుంది. అసలు చిక్కు ఇంకోటుంది. పళ్లకి పెట్టే తెల్ల ఫిల్లింగ్‌లో, మోకాలి మార్పిడి ఆపరేషన్‌లో వాడే సిమెంట్‌లో కూడా ఇదే కుటుంబం రసాయనాలు ఉంటాయి. ఇరవై ఏళ్ల వయసులో గోళ్ల కోసం తెచ్చుకున్న అలర్జీ, అరవై ఏళ్లకి మోకాలి దగ్గర అడ్డు తగలొచ్చన్నమాట. యూరోపియన్ యూనియన్ హెమా ఉన్న గోళ్ల ఉత్పత్తుల్ని ‘ప్రొఫెషనల్స్ మాత్రమే వాడాలి’ అని కట్టడి చేసింది ఇందుకే. ఇంట్లో వాడే కిట్ల గురించి బ్రిటన్ చర్మవైద్యుల సంఘం 2023లో ప్రత్యేకంగా హెచ్చరించింది.

భయపడి మానేయమని కాదు, నేను మానలేదు. జాగ్రత్తగా వేసుకుందాం అంటున్నానంతే.

కిట్ కొనేటప్పుడు

‘హెమా ఫ్రీ’ అని ఉన్నది వెతకండి. అలా ఉన్నా అలర్జీ అస్సలు రాదని గ్యారంటీ లేదు, రిస్క్ తగ్గుతుంది. టీపీఓ అనే ఇంకో పదార్థాన్ని యూరప్‌లో 2025 సెప్టెంబర్ 1 నుంచి కాస్మెటిక్స్‌లో నిషేధించారు. అది లేని జెల్స్ కూడా దొరుకుతున్నాయి. లేబుల్ మీద పదార్థాల లిస్టే లేకపోతే, ఎంత చవకైనా పక్కన పెట్టేయండి. ల్యాంప్, జెల్ ఒకే కంపెనీవి అయితే మంచిది. ల్యాంప్ వాట్స్ చూసి మోసపోవద్దు. జెల్‌కి ఏ తరంగదైర్ఘ్యం కావాలో ఆ వెలుతురు రావాలి, సాధారణంగా 365 నుంచి 405 నానోమీటర్ల మధ్య. అది కుదరకపోతే పైన గట్టిగా, అడుగున పచ్చిగా ఉండిపోతుంది. చూడ్డానికి తళతళలాడుతుంది కాబట్టి మనకి తెలియదు కూడా.

రంగు కంటే ముందు పని

మా నాన్న షిప్‌యార్డులో పనిచేసి రిటైరయ్యారు. నా గోళ్లు చూసి ఆయన అన్నమాట: ‘రంగు తనంతట తాను ఊడదమ్మా, కిందున్నదాని వల్ల ఊడుతుంది.’ ఓడకి పెయింట్ వేసే ముందు తుప్పు, ఉప్పు, జిడ్డు పోయేదాకా గీకి శుభ్రం చేస్తారు. గోరూ అంతే. వైజాగ్ ఉక్కపోత సంగతి తెలిసిందే, చేతులు ఎప్పుడూ చెమటగానే ఉంటాయి. స్నానం చేయగానే వేసుకోకండి. గోరు నీళ్లు పీల్చుకుని ఉబ్బి ఉంటుంది, ఒక గంట ఆగాలి. ఫ్యాన్ వేసుకుని చేతులు పొడిగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. గోరు మొదట్లో అతుక్కుని ఉన్న పల్చటి పొరని మెల్లగా వెనక్కి తొయ్యండి, కత్తిరించొద్దు. గోరు మీద మెరుపు పోయేంతవరకే బఫర్‌తో తేలిగ్గా రుద్దండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాక ఇక గోటిని వేలితో ముట్టుకోవద్దు.

బాల్కనీలో, కిటికీ పక్కన కూర్చోవద్దు. ఎండ తగిలితే జెల్ సీసాలోనే, బ్రష్ మీదే గట్టిపడిపోతుంది. మొదటిసారికి లేత గులాబీ, కాఫీ రంగుల్లాంటివి తీసుకోండి. నలుపులో ప్రతి వంకరా కనబడుతుంది, పైగా ముదురు రంగు వెలుతురుని లోపలికి పోనివ్వదు. మరీ తెల్లటి రంగు వద్దు. ఆదివారం చేపల పులుసు చేత్తో తిన్నాక ఆ పసుపు గోళ్లకి పట్టేస్తే నన్ను తిట్టుకుంటారు.

బేస్ కోట్, రంగు రెండు కోట్లు, టాప్ కోట్. ప్రతిదీ పల్చగా. ‘ఇది సరిగ్గా పడలేదే’ అనిపించేంత పల్చగా. చర్మానికి వెంట్రుకవాసి దూరంలో బ్రష్ ఆపేయండి, గోరు అంచు మందానికి కూడా ఒకసారి రాయండి. చర్మం మీదికి జారిందా? ల్యాంప్‌లో పెట్టకముందే ఆల్కహాల్‌లో ముంచిన పుల్లతో పూర్తిగా తుడిచేయండి. నా దృష్టిలో మొత్తం ప్రాసెస్‌లో ముఖ్యమైన పది సెకన్లు ఇవే. వీడియోల్లో మాత్రం ఇది ఫాస్ట్ ఫార్వర్డ్‌లో పోతుంది.

ప్రతి కోటుకీ కంపెనీ చెప్పినంతసేపు ల్యాంప్‌లో ఉంచాలి. బొటనవేలు పక్కకి వాలి ఉంటుంది కాబట్టి వెలుతురు సరిగ్గా పడదు, దాన్ని విడిగా పెట్టండి. గోరు చురుక్కుమంటే చెయ్యి బయటికి తీసి, చల్లబడ్డాక మళ్లీ పెట్టండి. జెల్ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, మందంగా వేస్తే ఇంకా ఎక్కువ. చివర్లో పైన జిగురు మిగిలితే కంగారొద్దు. గాల్లోని ఆక్సిజన్ పైపొరని గట్టిపడనివ్వదు. అది కూడా పచ్చి జెల్లే కాబట్టి వేలితో కాకుండా ఆల్కహాల్ వైప్‌తో తుడవండి.

ల్యాంప్ వల్ల క్యాన్సర్ వస్తుందా అని అందరూ అడుగుతారు. శాన్ డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు 2023లో ప్రచురించిన పరీక్షల్లో ఈ వెలుతురు కణాల్ని చంపడం, డీఎన్ఏని దెబ్బతీయడం కనిపించింది. అయితే అవి ల్యాబ్ గిన్నెలో పెంచిన కణాలు, మనుషుల చేతులు కావు. ఒక్కోసారి ఇరవై నిమిషాలు వెలుతురులో ఉంచారు. దాన్నిబట్టి క్యాన్సర్ వస్తుందని తేల్చలేం, రాదనీ చెప్పలేం. నేను పాత సాక్సు వేళ్ల దగ్గర కత్తిరించి గ్లవ్‌లా తొడుక్కుంటాను. చూడ్డానికి కామెడీగా ఉంటుంది, కానీ పైసా ఖర్చు లేదు.

తీసేటప్పుడు

గోళ్లు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. సినిమా చూస్తూ జెల్‌ని గిల్లి పీకేస్తే దాంతోపాటు గోరు పొరలూ లేచొచ్చేస్తాయి. మెరుపు పొరని ఫైల్‌తో రుద్ది, అసిటోన్‌లో తడిపిన దూదిని గోటి మీద పెట్టి, ఫాయిల్ చుట్టి, పది పదిహేను నిమిషాలు ఆగండి. మెత్తబడ్డాక పుల్లతో తోస్తే వచ్చేస్తుంది. రాకపోతే ఇంకో ఐదు నిమిషాలు ఉంచండి, గీకొద్దు. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి వంటగదిలో, అగరుబత్తి దగ్గర ఈ పని పెట్టుకోవద్దు.

ఆపరేషన్ ఏదైనా ఉంటే ముందురోజే తీసేయండి. వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్ కొన్ని రంగుల మీంచి సరిగ్గా చదవలేదు. వేలి చుట్టూ దురద మొదలైతే జెల్ వాడటం వెంటనే ఆపేసి, చర్మ డాక్టర్‌ని కలవండి. కేజీహెచ్‌లోనూ చర్మవ్యాధుల విభాగం ఉంది. వెళ్లేటప్పుడు జెల్ సీసా లేబుల్ ఫొటో ఫోన్లో పెట్టుకోండి, ఏం వాడారో డాక్టర్ తప్పకుండా అడుగుతారు.