అయనాలు – సౌరఫలకం

మనిషికి అయాచితంగా లభించే శక్తులలో సూర్యరశ్మి ప్రధానమైనది. సౌరఫలకం పగలు ఎండను గ్రహించి బ్యాటరీని నింపుతుంది. రాత్రివేళ ఆ బ్యాటరీ దీపాన్ని వెలిగిస్తుంది. తూర్పు కనుమలలో, అరకులోయ చుట్టూ కొండవాలులపై చిన్న చిన్న గిరిజన పల్లెలు ఉన్నాయి. అడవులను, లోయలను దాటించి ఇటువంటి ఆవాసాలకు విద్యుత్తు తీగలు వేయడం కష్టసాధ్యం. అందుచేతనే 2023లో ప్రారంభమైన ప్రధానమంత్రి జన్‌మన్ పథకంలో, తీగలు వేయడం సాధ్యంకాని చోట్ల నివసించే ఆదిమ గిరిజన కుటుంబాల కోసం 300 వాట్ల సౌరవిద్యుత్తు ఏర్పాటును చేర్చారు. అయితే ఫలకం ఉన్నంత మాత్రాన వెలుగు రాదు. దానిని సూర్యునికి అభిముఖంగా నిలపాలి.

సూర్యుడు ఏడాది పొడవునా ఒకే దారిలో నడవడు. భూమి అక్షం సుమారు 23.5 డిగ్రీలు వంగి ఉండటమే దీనికి కారణం. ఈ ఉత్తర, దక్షిణ గమనాలనే మన పూర్వులు అయనాలన్నారు. అరకులోయ 18 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి చేరువలో ఉంది. అక్కడ డిసెంబరు 21 ప్రాంతంలో మధ్యాహ్న సూర్యుడు నడినెత్తి నుండి 42 డిగ్రీలు దక్షిణానికి ఒరిగి ఉంటాడు. జూన్ 21 నాటికి నడినెత్తిని దాటి, 5 డిగ్రీలు ఉత్తరానికి చేరుతాడు.

కిరణాలు ఫలకంపై నిటారుగా పడినప్పుడే పూర్తి ఫలితం లభిస్తుంది. ఏటవాలుగా పడితే అదే వెలుగు ఎక్కువ మేర పరచుకొని పలుచబడుతుంది. నిర్మలాకాశంలో, నేలకు సమాంతరంగా పరచిన ఫలకానికి డిసెంబరు మధ్యాహ్నం నేరుగా వచ్చే ఎండలో 75 శాతమే దక్కుతుంది. ఆ రోజులలో రాత్రి నిడివి 13 గంటలు. దీపం ఎక్కువసేపు వెలగవలసిన కాలంలోనే బ్యాటరీ తక్కువగా నిండుతుందన్న మాట. పైగా అరకొరగా నిండే సీసపు బ్యాటరీ త్వరగా పాడవుతుంది.

ఈ లోపాన్ని సవరించడానికి కోణమానిని అక్కరలేదు. ఫలకాన్ని దక్షిణాభిముఖంగా ఉంచి, ముందు వెనుక అంచుల మధ్య నేలపై దూరం మూడు అడుగులు ఉండేలా అమర్చాలి. వెనుక అంచును ఒక అడుగు ఎత్తితే వాలు 18 డిగ్రీలు అవుతుంది. రెండడుగులు ఎత్తితే 34 డిగ్రీలు. అక్టోబరు నుండి ఫిబ్రవరి వరకు రెండడుగులు, మార్చి నుండి సెప్టెంబరు వరకు అరడుగు ఎత్తు తగినది. ఆ కొద్దిపాటి వాలు వల్ల వాననీరు నిలువక, ధూళిని కడుగుకొంటూ జారిపోతుంది.

వాలు సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ప్రాచీన ఖగోళ శాస్త్రజ్ఞులు వాడిన శంకువే చాలు. మధ్యాహ్నం ఫలకంపై ఒక పుల్లను నిటారుగా నిలిపితే, దాని నీడ ఎంత చిన్నదైతే వాలు అంత సరియైనదని అర్థం. భారత ప్రామాణిక కాలరేఖ అరకుకు అతి సమీపంలో సాగుతుంది. కాబట్టి అక్కడ గడియారపు పన్నెండుకు, అసలైన మధ్యాహ్నానికి మధ్య తేడా ఇరవై నిమిషాలకు మించి ఉండదు.

అయితే ఒక హెచ్చరిక. శీతకాలపు వాలును మార్చడం మరచిపోతే, జూన్ మధ్యాహ్నపు ఎండలో దక్కేది 78 శాతమే. అదే 18 డిగ్రీల వద్ద స్థిరంగా ఉంచిన ఫలకానికి రెండు అయనాంతాలలోనూ 92 శాతం దక్కుతుంది. కనుక ఏటా రెండుసార్లు తప్పక మార్చగలవారు మార్చుకోవాలి. అది వీలుకానివారికి స్థిరమైన వాలే శ్రేయస్కరం.

వాలుతోనే పని ముగియదు. కాఫీతోటలకు నీడనిచ్చే సిల్వర్‌ఓక్ చెట్టు ఫలకానికి శత్రువు. దాని నీడ ఒక మూల పడినా మొత్తం విద్యుత్తు తగ్గుతుంది. ఉదయపు పొగమంచు కొంత ఎండను హరిస్తుంది. మరోవైపు కొండల చలి మేలు చేస్తుంది, ఎందుకంటే వేడెక్కే కొద్దీ ఫలకం శక్తి క్షీణిస్తుంది.

యంత్రాన్ని ఇవ్వడం ప్రభుత్వం పని. దాని మర్మం తెలిసి వాడుకోవడం ప్రజల పని. సూర్యుని దారి ఎరిగి ఫలకాన్ని నిలిపిన ఇంట, ఆ రాత్రి దీపం తెల్లవారేదాకా నిలుస్తుంది.