వంతెన దాటితే విస్కీ బల్ల
యానాం గ్లాసు, చైనా ప్లేటు, కోనసీమ జేబు

అమలాపురం : పొద్దుగూకే వేళకు ఎదుర్లంక వంతెన మీద మోటారు సైకిళ్ల సందడి మొదలవుతుంది. ముమ్మిడివరం నుంచి కొందరు, మురమళ్ల నుంచి కొందరు, ఇంకా లోపలి లంకల నుంచి మరికొందరు గౌతమి దాటి యానాం చేరుకుంటారు. ఇటు ఒడ్డు ఆంధ్రప్రదేశ్, అటు ఒడ్డు పుదుచ్చేరి. భాష ఒకటే, గాలి ఒకటే, నీరు ఒకటే. ఎక్సైజు చట్టం మాత్రం వేరు. ఆ తేడాయే యానాం బార్లకు పెట్టుబడి.

బారు అనగానే పాకలో సీసా ఎత్తి గుటుక్కున మింగే దృశ్యం గుర్తుకు వస్తే అది పాత మాట. ఇప్పుడు బారు పక్కన రెస్టారెంటు కూడా ఉంటుంది. మసక దీపం, చల్లని గాలి, నలుగురికి సరిపడే బల్ల, అడ్డంగా ఒక తెర. పెద్ద నగరాల్లో ఇలాంటి చిన్న గదిలోనే విస్కీతో పాటు చైనా, జపాను, థాయి వంటలు కలగలిపి వడ్డించి దానికి ‘ఏషియన్ ఫ్యూజన్’ అని పేరు పెడతారు. జపాను వారి ఊళ్లలో ‘ఇజకయ’ అనే చిన్న పూటకూళ్ల అంగళ్లు ఉన్నాయి. అక్కడ గ్లాసుతో పాటు నంజుకునే ప్లేటు ఉండవలసిందే. పేరు తెలియకపోయినా మనవాళ్లు ఎప్పటి నుంచో చేస్తున్నది అదే.

చైనా చూడని చైనా వంట

బల్ల మీదికి వచ్చే వంటకాలు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఒక పక్క పీతల ఇగురు, రొయ్యల వేపుడు, పండుగొప్ప ముక్కలు. మరో పక్క చిల్లీ చికెన్, మంచూరియా, హక్కా నూడుల్సు, షెజువాన్ ఫ్రైడ్ రైసు. మధ్యలో అందరికీ చుట్టమైన చికెన్ 65.

వీటిలో చాలా వంటలకు చైనా పేరే గాని చైనా ఊరు లేదు. మంచూరియా అన్నది చైనా ఈశాన్యాన ఒక ప్రాంతం. మనం తినే మంచూరియా అక్కడ ఎవరికీ తెలియదు. కలకత్తాలో పుట్టిన చైనా సంతతి వంటవాడు నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయిలో దీన్ని వండాడని చెబుతారు. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి మన పోపులోవే. వాటికి సోయా సాసు, మొక్కజొన్న పిండి తోడయ్యాయి. హక్కా అన్నది కలకత్తాలో స్థిరపడిన ఒక చైనా సమాజం పేరు. టాంగ్రా పేటలో తోళ్ల పని చేసుకున్న ఆ కుటుంబాల వంటే దేశమంతా పాకింది. చికెన్ 65 మద్రాసు బుహారీ హోటలు వారిదని ప్రతీతి. అజినమోటో 1908లో జపాను శాస్త్రవేత్త ఇకెడా సముద్రపు నాచు నుంచి తీసిన రుచి.

అంతెందుకు, మన కూరలో మిరపకాయ కూడా పోర్చుగీసు ఓడలెక్కి అమెరికా ఖండం నుంచి వచ్చిందే. కనుక బారు ప్లేటును చూసి పరాయి వంట అని ముఖం చిట్లించనక్కరలేదు.

అసలు చిత్రం రొయ్యది. అల్లవరం, కాట్రేనికోన, మలికిపురం ప్రాంతాల చెరువుల్లో పెరుగుతున్న వెనామీ రొయ్య కూడా ఈ దేశపుది కాదు, పసిఫిక్ తీరానిది. 2009లో మన దేశంలో దాని సాగుకు అనుమతి వచ్చింది. మన రొయ్య అమెరికాకు ఎగుమతి అవుతుంటే, చైనా సాసు మన బల్ల మీదికి దిగుమతి అవుతోంది.

చట్టాలు మారాయి, ఏరు మారలేదు

కోనసీమ వారు చట్టం తప్పించుకోవడానికి ఏరు దాటడం ఈనాటిది కాదు. బాల్యవివాహాలను అడ్డుకునే శారదా చట్టం 1930లో అమలులోకి వచ్చినప్పుడు, పిల్లల పెళ్లిళ్లు చేయడానికి పడవలెక్కి ఫ్రెంచి యానాం వెళ్లారు. ‘యానాం పెళ్లి’ అన్న మాట అలా పుట్టిందే.

మద్యం కథా అంతే. 1937లో సేలం జిల్లాలో రాజాజీ ప్రారంభించిన మద్యనిషేధం 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటికీ వ్యాపించింది. అప్పుడు యానాం ఫ్రెంచి వారిది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఏడాదికే, 1954 నవంబరులో, ఈ మద్యనిషేధం వివాదం మీదనే ప్రకాశం పంతులు ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో కూలిపోయింది. ఆ ఏడే ఫ్రెంచి వారు యానాం విడిచి వెళ్లారు. అయినా యానాం ఆంధ్రలో కలవలేదు, పుదుచ్చేరితోనే ఉండిపోయింది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు సారా దుకాణం మీదికి కదిలారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా అంటుకుంది. ఫలితంగా 1993 అక్టోబరు 1 నుంచి సారా, ఎన్.టి. రామారావు హయాంలో 1995 జనవరి 16 నుంచి మొత్తం మద్యం నిషేధమయ్యాయి. 1997లో నిషేధాన్ని సడలించారు. ఆ రెండేళ్లూ యానాంకు ఆ చట్టం వర్తించలేదు. అప్పట్లో అవతలి ఒడ్డుకు పంటు మీదనే పోవాలి. ఇప్పుడు లోక్‌సభ స్పీకరుగా ఉంటూ 2002లో హెలికాప్టరు ప్రమాదంలో మరణించిన ఈ ప్రాంతపు బిడ్డ బాలయోగి పేరుతో వంతెన ఉంది.

ఆ తరువాతా మార్పులు ఆగలేదు. 2019 అక్టోబరు నుంచి రాష్ట్రంలో దుకాణాలను ప్రభుత్వమే నడిపింది, పర్మిట్ గదులు మూతపడ్డాయి. 2020 మే నెలలో ధరలు ఒక్కసారిగా 75 శాతం పెరిగాయి. 2024 అక్టోబరు 16 నుంచి మళ్లీ ప్రైవేటు దుకాణాలు వచ్చాయి. ఒడ్డున కూర్చుని తాగే చోటు మూసినప్పుడల్లా కొందరు కొబ్బరి తోటల చాటుకు, బెల్టు షాపులకు పోయారు. స్తోమత ఉన్నవారు ఏరు దాటారు. తాగుడు ఆగిందా అంటే, చోటు మారిందన్నదే జవాబు.

గ్లాసులో ఉన్నదెంత?

ప్లేటులో ఏముందో వాసన చూసి చెప్పగలిగిన వారికి కూడా గ్లాసులో ఏముందో తెలియదు. స్కాట్లండులో బార్లీ వంటి గింజలతో చేసి, చెక్క పీపాల్లో కనీసం మూడేళ్లు ఊరబెట్టినదే విస్కీ. జపాను వారు ఆ విద్య నేర్చుకుని 1923లో యమజాకి అనే చోట సొంతంగా మొదలుపెట్టారు. మన బెంగుళూరులో బార్లీతో తయారైన అమృత్ విస్కీని 2004లో ఏకంగా స్కాట్లండులోనే అమ్మకానికి పెట్టారు. కాని మన దేశంలో చవకగా దొరికే విస్కీలో చాలా భాగం చక్కెర మిల్లు మడ్డి నుంచి తీసిన సారాయమే. రంగు, వాసన తరువాత చేరతాయి. మడ్డి నుంచి తీసిన దాన్ని విస్కీ అని పిలవడానికి ఐరోపా దేశాలు ఒప్పుకోవు.

తాటి కల్లులో సారం నూటికి నాలుగైదు పాళ్లు. విస్కీలో దాదాపు 43 పాళ్లు. అంటే 180 మిల్లీలీటర్ల క్వార్టరు తాగినవాడు లీటరున్నర నుంచి రెండు లీటర్ల దాకా కల్లు తాగినట్లే. అందులోని సారం సుమారు 60 గ్రాములు. మామూలు మనిషి కాలేయం గంటకు 7, 8 గ్రాములకు మించి అరిగించలేదు. రాత్రి 8 గంటలకు పట్టిన క్వార్టరు పూర్తిగా దిగేసరికి తొలికోడి కూస్తుంది. నిమ్మరసం, మజ్జిగ, చన్నీళ్ల స్నానం ఏవీ దీన్ని తొందరపెట్టలేవు.

కడుపు నిండా తింటే ఎక్కదన్న మాటలో సగమే నిజం. తిండి ఉంటే మత్తు నిదానంగా ఎక్కుతుంది, అంతే. పైగా సాసుల్లోని ఉప్పు దాహం పెంచుతుంది. దాహం మరో పెగ్గు అడుగుతుంది. రక్తపోటు ఉన్నవారికి ఆ ఉప్పు మరో గండం. ఇంతవరకైతే ప్రమాదం లేదు అనదగిన మోతాదు మద్యానికి లేనే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది.

బిల్లు ఎవరు కడతారు?

తెర వెనుక కూర్చున్న నలుగురూ బిల్లు పంచుకుంటారు. ఇంట్లో ఉన్నవారికీ అందులో వాటా ఉంటుంది గాని, ఆ సంగతి వారికి ఎవరూ చెప్పరు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు ధర తెలిసిన రైతు ఆ బిల్లును రూపాయల్లో కాక కాయల్లో లెక్క వేసుకుంటే విషయం బోధపడుతుంది. ఎన్ని చెట్లు ఎక్కితే, ఎన్ని కాయలు దింపితే ఆ ఒక్క సాయంత్రం గడిచింది? కూలివాడైతే ఎన్ని రోజుల పని? గల్ఫులో కొడుకు ఎండలో నిలబడి పంపిన సొమ్ము అయితే మరీ లెక్క చూడాలి.

అన్నిటికంటే పెద్ద బిల్లు తిరుగు ప్రయాణంలో ఉంది. వచ్చేటప్పుడు మామూలుగా కనిపించిన వంతెన, పోయేటప్పుడు చీకటిలో వంకర తిరుగుతుంది. నూరు మిల్లీలీటర్ల రక్తంలో సారం 30 మిల్లీగ్రాములు మించితే బండి నడపడం నేరం. 2019లో సవరించిన చట్టం ప్రకారం మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. అనుమతి లేకుండా సీసాలు వంతెన దాటించినా కేసే. జరిమానా కట్టుకోవచ్చు. లారీ కింద పడిన ప్రాణానికి మాత్రం కట్టడానికి ఏమీ ఉండదు.

నెలకో రెండు నెలలకో స్నేహితులు కలవడం, మంచి ప్లేటు పంచుకోవడం ఎవరూ కాదనేది కాదు. చిల్లీ రొయ్యకు గ్లాసు తప్పనిసరి కాదు, అదే బల్ల మీద అది సోడాతోనూ రుచిగానే ఉంటుంది. తాగక తప్పదనుకునే వారు కనీసం నలుగురిలో ఒకరిని తాగకుండా ఉంచి, బండి తాళం అతనికి ఇవ్వడం మేలు. తాగి బండెక్కేవారికి అది చేతనయ్యే పనే. అధికారులు కూడా సీసాల కోసం సంచులు వెతికే శ్రద్ధనే రాత్రి వేళ బండి నడిపేవారి శ్వాస పరీక్షలోనూ చూపవలసి ఉంది.

దశాబ్దాలుగా చట్టం ఇటు ఒడ్డున తలుపు వేస్తూ, తీస్తూ ఉంది. అటు ఒడ్డున తలుపు తెరిచే ఉంది. ఏ ఒడ్డున కూర్చున్నా ఎంతవరకు అన్నది తేల్చుకోవలసింది బల్ల దగ్గర ఉన్నవాడే. ఇంటి దగ్గర దీపం ఆర్పకుండా మెలకువగా కూర్చున్న మనిషికి కావలసింది ఏ సాసూ కాదు, వంతెన దిగి క్షేమంగా వచ్చిన బండి చప్పుడు.