పరిగెత్తేది క్రియ, ఎక్కేది ‘అప్’

‘మెట్లు పరిగెత్తుకుంటూ ఎక్కాడు’ అని మనం అంటాం. అదే సంగతిని ఇంగ్లిష్‌వాళ్లు ‘హీ రాన్ అప్ ద స్టెయర్స్’ అంటారు. చెప్పిన విషయం ఒకటే అయినా దాన్ని మాటల మధ్య పంచిన తీరు వేరు. తెలుగులో వాక్యాన్ని మోసే క్రియ ‘ఎక్కాడు’. దారి ఎటో చెప్పేది అదే. పరుగు దానికి ముందు ‘కుంటూ’ తగిలించుకుని ఒదిగి కూర్చుంది. ఇంగ్లిష్‌లో పరుగే అసలు క్రియ. ఎక్కడం అనే పనంతా ‘అప్’ అనే చిన్నమాట నెత్తిన పడింది. నది ఈదుకుంటూ దాటినా ఇంతే. ఇంగ్లిష్‌లో క్రియ ఈదుతుంది, ‘అక్రాస్’ దాటుతుంది.

ఈ తేడాను ఒక సిద్ధాంతంగా నిలబెట్టినవాడు అమెరికన్ భాషాశాస్త్రవేత్త లియొనార్డ్ టాల్మీ. కదలికను చెప్పేటప్పుడు దారిని క్రియలోనే ఇమిడ్చే భాషలు కొన్ని, క్రియ పక్కన ఉపగ్రహంలా తిరిగే చిన్నమాటకు అప్పగించే భాషలు కొన్ని అని ఆయన విభజించాడు. ఇంగ్లిష్, జర్మన్, స్వీడిష్ రెండో రకం. స్పానిష్, హీబ్రూ, తమిళం మొదటి రకం. ఎక్కు, దిగు, దాటు, చేరు అనే క్రియలతో బతికే తెలుగు కూడా తమిళం పక్కనే కూర్చుంటుందని వేరే చెప్పక్కర్లేదు.

మన బడుల్లో ఇది ఎవరూ చెప్పరు. ‘లుక్ ఫర్, లుక్ ఆఫ్టర్, లుక్ ఇన్‌టు’ అంటూ ఒక పట్టిక ఇచ్చి బట్టీ పట్టమంటారు. దాంతో చాలామంది ఈ జంటల జోలికే పోకుండా ఒంటి క్రియలతో నెట్టుకొస్తారు. ‘పుట్ ఆఫ్’ అనాల్సిన చోట ‘పోస్ట్‌పోన్’, ‘గో ఆన్’ అనాల్సిన చోట ‘కంటిన్యూ’. తప్పేం కాదు, కాకపోతే మాట కాస్త అర్జీలా వినిపిస్తుంది. ఇది మన ఒక్కరి అలవాటూ కాదు. ఇజ్రాయెల్‌లో హీబ్రూ మాట్లాడే విద్యార్థులు ఈ జంటలను తప్పించుకుని ఒంటి క్రియలను ఎంచుకుంటున్నారని డాగుట్, లౌఫర్ అనే పరిశోధకులు 1985లో చూపించారు. 1993లో లౌఫర్, ఎలియాసన్ కలిసి స్వీడిష్ విద్యార్థులను పరీక్షిస్తే వాళ్లలో ఆ బెరుకు కనిపించలేదు. వాళ్ల సొంత భాషలో ఇలాంటి జంటలు ఉండనే ఉన్నాయి మరి.

అసలు ఇంగ్లిష్‌కు ఈ అలవాటు తర్వాత అబ్బిందే. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్‌లో చిన్నమాట ఎక్కువగా క్రియకు ముందే అతుక్కుని ఉండేది. ‘అండర్‌స్టాండ్’, ‘ఓవర్‌కమ్’, ‘విత్‌స్టాండ్’ ఆ కాలం మిగిల్చిన ముక్కలు. క్రమంగా చిన్నమాట ఊడి క్రియ వెనక్కి చేరింది. ఇంగ్లండ్‌లో స్థిరపడిన స్కాండినేవియన్ల నార్స్ భాష ఈ మార్పుకు ఊతమిచ్చిందని చాలామంది పండితుల అభిప్రాయం. 12వ శతాబ్దపు పీటర్‌బరో క్రానికల్‌లో ‘గివ్ అప్’ అప్పటికే కనిపిస్తుంది. 1755లో నిఘంటువు వేసిన శామ్యూల్ జాన్సన్ ముందుమాటలో ఈ జంటలను ప్రత్యేకంగా ప్రస్తావించి, పరదేశీయులను ఇంతగా కష్టపెట్టేవి ఇంకేవీ లేవన్నట్టు రాశాడు. వీటికి ‘ఫ్రేజల్ వెర్బ్’ అనే పేరు మాత్రం చాలా ఆలస్యంగా, 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. ఆ పేరు తనకు సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ అని ఆయనే చెప్పాడు.

వెనక్కి చేరిన చిన్నమాటలన్నీ ఒకే జాతివి కావు. భాషాశాస్త్ర తరగతుల్లో అరిగిపోయిన ఉదాహరణ ఒకటుంది, అరిగినా పనికొస్తుంది. ‘రాన్ అప్ ఎ హిల్’ అంటే కొండ ఎక్కడం, ‘రాన్ అప్ ఎ బిల్’ అంటే బిల్లు పెంచుకుంటూ పోవడం. పైకి రెండూ కవలలే. కానీ కొండ విషయంలో ‘అప్’ కొండకు చెందింది, మన ‘కొండపైకి’లో ‘పైకి’లాగా. బిల్లు విషయంలో అది క్రియకు చెందింది. కొండ బదులు సర్వనామం పెడితే ‘రాన్ అప్ ఇట్’ అవుతుంది, బిల్లు బదులు పెడితే ‘రాన్ ఇట్ అప్’ అవుతుంది. ‘పిక్ అప్ ద బుక్’, ‘పిక్ ద బుక్ అప్’ రెండూ సరే, ‘పిక్ అప్ ఇట్’ మాత్రం చెల్లదు. ఇంగ్లిష్ వాక్యంలో కొత్త సంగతి, బరువైన సంగతి చివరికి జరుగుతాయి. ‘ఇట్’ అంటే ఇద్దరికీ ముందే తెలిసినది, పైగా ఊనిక లేని మాట. అందుకే అది మధ్యలో దూరిపోతుంది, ఊనిక ‘అప్’ మీద పడుతుంది.

దారి చెప్పడం వరకైతే ‘అప్’తో పెద్ద పేచీ లేదు. ‘ఈట్ అప్’, ‘డ్రింక్ అప్’ దగ్గరే తికమక మొదలవుతుంది. అన్నం పైకి తినడమేమిటి? ఇక్కడ ‘అప్’ దిక్కు వదిలేసి, పని పూర్తిగా అయిపోయిందని చెప్పే గుర్తుగా మారింది. ఇల్లు కాలితే ‘బర్న్డ్ అప్’ అన్నా ‘బర్న్డ్ డౌన్’ అన్నా చెల్లడానికి కారణం ఇదే. మనకిది వింతగా తోచకూడదు. ‘తినేయ్’, ‘తాగేయ్’ అంటాం, అందులో ఉన్నది ‘వేయు’. ‘ఇల్లు కాలిపోయింది’ అంటాం, అందులో ఉన్నది ‘పోవు’. ఇల్లు ఎక్కడికీ పోలేదు. ‘రైలు వచ్చేసింది’ అంటే ఎవరు దేన్ని వేశారని తెలుగు నేర్చుకునే విదేశీయుడు అడిగితే మన దగ్గరా జవాబు ఉండదు. సొంత అర్థం అరిగిపోయి వ్యాకరణపు పనికి కుదిరిన మాటలవి. తెలుగు ఆ పనికి క్రియలను వాడుకుంది, ఇంగ్లిష్ దిక్కు చెప్పే మాటలను వాడుకుంది. ‘డ్రింక్ ఇట్ అప్’కు ‘తాగేయ్’ కన్నా మంచి తెలుగు నాకు తోచదు. అయితే దీన్ని సూత్రంగా పట్టుకుని ప్రతి ‘ఏయ్’కీ ‘అప్’ తగిలిస్తే దెబ్బతింటాం. ‘రీడ్ అప్’ అంటే చదివేయడం కాదు, ఒక విషయం గురించి చదివి తెలుసుకోవడం.

మరి ఏ క్రియ పక్కన ఏ చిన్నమాట ఏ అర్థమిస్తుందో ఎలా తెలుస్తుంది? వాడుకను కుప్ప పోసి చూడాల్సిందే. బర్మింగ్‌హామ్‌లో భాషాశాస్త్రవేత్త జాన్ సింక్లెయిర్ బృందం 1980ల్లో చేసింది అదే. పుస్తకాలు, పత్రికలు, సంభాషణల నుంచి లక్షల మాటలు కంప్యూటర్‌లో చేర్చి, అందులోంచి కోబిల్డ్ నిఘంటువు తీశారు. ‘సెట్ ఇన్’ అనే జంటను వరుసగా పేర్చి చూస్తే సింక్లెయిర్‌కు ఒక విచిత్రం కనిపించింది. ఆ మాటకు కర్తలుగా వచ్చేవి దాదాపు అన్నీ చెడ్డవే: కుళ్లు, క్షీణత, నిరాశ, అంటువ్యాధి. ఆ మాట రోజూ వాడేవాళ్లకు కూడా ఆ సంగతి స్పృహలో లేదు. మన దగ్గర మాత్రం ఏటా ఒక మినహాయింపు వినిపిస్తుంది. నైరుతి రుతుపవనాలు కేరళను తాకాయని చెప్పడానికి వాతావరణ శాఖ వాడేది ‘సెట్ ఇన్’ అనే మాటే. ఇంగ్లండ్‌లో వాన ‘సెట్ ఇన్’ అయితే జనం ముఖం ముడుచుకుంటారు, ఇక్కడ రైతు విత్తనాలు సిద్ధం చేసుకుంటాడు.

లెక్కలు మరో ఊరట కూడా ఇచ్చాయి. బ్రిటిష్ నేషనల్ కార్పస్ అనే పది కోట్ల మాటల కుప్పను గార్డ్‌నర్, డేవిస్ అనే పరిశోధకులు 2007లో జల్లెడ పట్టి 5,18,923 ఫ్రేజల్ వెర్బ్ వాడుకలు తేల్చారు. అందులో సగానికి పైగా కేవలం 20 క్రియలు, 8 చిన్నమాటల కలయికలే. అంటే పట్టిక నిజంగా చిన్నదే. చిక్కేమిటంటే, తరచుగా వచ్చే జంటకు ఒక్కోదానికి సగటున ఐదారు అర్థాలున్నాయి.

మన ఇంగ్లిష్ మీద తెలుగు నీడ కూడా ఈ చిన్నమాటల దగ్గరే స్పష్టంగా కనిపిస్తుంది. ‘మీద ఆధారపడు’కు ‘డిపెండ్ ఆన్’ సరిగ్గా అతుకుతుంది కాబట్టి అక్కడ ఎవరూ తడబడరు. ‘నా మీద కోపం’ మాత్రం ‘యాంగ్రీ ఆన్ మీ’ అయిపోతుంది. ‘డిస్కస్ అబౌట్’ను కూడా ‘గురించి చర్చించు’ ఖాతాలోనే వేస్తుంటారు. అది పూర్తి న్యాయం కాదు. తెలుగు సోకని నైజీరియాలోనూ, సింగపూర్‌లోనూ అదే మాట వినబడుతుంది. ‘టాక్ అబౌట్’ ఉంది, ‘డిస్కషన్ అబౌట్’ ఉంది, ‘డిస్కస్’ ఒక్కటే ఒంటరిగా ఎందుకుండాలని నోరు తనంతట తానే సరిచేసుకుంది. చెప్పాలంటే ఇంగ్లిష్ కన్నా అది తర్కబద్ధంగానే ఉంది.

అటునుంచి తెలుగులోకి వచ్చిన జంటల సంగతి వేరు. మనం వాటిని క్రియలుగా తీసుకోలేదు. పికప్, బ్యాకప్, లాగిన్, ఫాలోఅప్ అని ఒకే ముద్దగా, నామవాచకంగా తీసుకుని వెనక ‘చేయు’, ‘అవు’ తగిలించాం. ‘అతన్ని స్టేషన్ దగ్గర పికప్ చేసుకో’ అంటే కర్మ మధ్యలో దూరే సమస్యే లేదు. ‘డ్రాప్ ఆఫ్’ దగ్గర మాత్రం ‘ఆఫ్’ను అక్కడే వదిలేసి ‘ఆఫీసు దగ్గర డ్రాప్ చేయి’ అంటున్నాం. ఇంగ్లిష్ మాట్లాడేటప్పుడు కూడా ‘ఐ విల్ డ్రాప్ యూ’ అనే అంటాం.