నేర్పరియైన జతగానితో బ్రిడ్జి ఆట

పాఠశాల సంచికలో పేకముక్కల ప్రసంగమేల యని కొందరు పెద్దలు కనుబొమలు ముడువవచ్చును. మేము వ్రాయబోవునది పందెమును గూర్చి కాదు. బ్రిడ్జి యనునది బల్లమీద కాని యైనను పెట్టకయే ప్రొద్దుగ్రుంకువరకు ఆడదగిన ఆట. ముక్కలు పంచుటలో అదృష్టము కలదు. పంచిన పిదప నేర్పునకే పెద్దపీట. 1967లో ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్లిన యొక దావాలో సుప్రీంకోర్టు రమ్మీని నేర్పుతో కూడిన ఆటగా నిర్ణయించుచు, దానియందలి అదృష్టము బ్రిడ్జిలో ముక్కలు పంచుటయందలి అదృష్టము వంటిదే యని పోల్చి చూపెను. సర్వోన్నత న్యాయస్థానమే పోలికకు తీసికొన్న ఆటను గూర్చి నాలుగు మాటలు చెప్పుట తప్పుగాదని తలంచుచున్నాము.

ఆట తెలియనివారికై కొంచెము చెప్పెదము. నలుగురు కూర్చుందురు, ఎదురెదురుగా నున్న ఇద్దరు ఒక జత. 52 ముక్కలను తలకు 13 చొప్పున పంచుదురు. నలుగురును ఒక్కొక్క ముక్క వేయగా అది ఒక పట్టు. ఆటకు ముందు వేలము వంటి పాట జరుగును. ‘ఒకటి’ యని పాడినవారు ఆరింటిపై ఒకటి, అనగా ఏడు పట్టులు తెచ్చెదమని పూనుకొన్నట్లు. ‘రెండు’ అన్నచో ఎనిమిది. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు అను నాలుగు రంగులలో నొకదానిని తురుపుగా కోరవచ్చును, లేదా తురుపే వలదని ‘నో ట్రంపు’ పాడవచ్చును. ఈనాటి పద్ధతిని హెరాల్డ్ వాండర్‌బిల్టు అను అమెరికావాడు 1925లో పనామా కాలువ గుండా సాగిన ఓడప్రయాణమునందు దిద్ది తీర్చెను.

ఇందలి చిక్కు పాటలో నున్నది. ఒక మనిషి చేతికి రాదగిన 13 ముక్కల కూర్పులు 63,501 కోట్ల 35 లక్షల 59 వేల 600. వీనిని జతగానికి తెలుపుటకు మనకు లభించిన మాటలో, ఒకటి మొదలు ఏడు వరకు గల పాటలు 35, పాస్, డబుల్, రీడబుల్ అను మూడు, వెరసి 38 మాత్రమే. ఇంత పేద భాషతో అంత పెద్ద సంగతి చెప్పవలసియున్నప్పుడు ప్రతి మాటకు అర్థము ముందుగా ఒప్పుకొని యుండవలెను. ఒప్పుకొన్న అర్థమును దాటకుండవలెను. జతమర్యాద యని మేము చెప్పునది ఇదియే.

మేము ఈ ఆట నేర్చినది అంబాజీపేటలో, కొబ్బరితోటల నడుమ నొక పెంకుటింటి అరుగుమీద. మా జతగాడు ఉద్యోగము చాలించి స్వగ్రామము చేరిన యొక పెద్దమనిషి. పది పట్టులు పడునప్పటికి తక్కిన ముక్కలు ఎవరి చేతిలో ఏవి యున్నవో చూచినట్లు చెప్పగలవారు. మేమో, నెలదినములు పుస్తకము తిరుగవేసి సర్వము తెలిసినదని భ్రమించినవారము.

నేర్పరి కెదురుగా కూర్చున్న కొత్తవానికి మొట్టమొదట పుట్టు కోరిక, తన తెలివియు చూపవలెనని. చేటు అచ్చటనే మొదలగును. ఆయన యెంత నేర్పరియైనను మన 13 ముక్కలు ఆయనకు కనబడవు. మనము చెప్పినదానిని బట్టియే ఆయన లెక్క. మనము ఎదిరిజతను మోసగించుటకై ఒకటి హెచ్చించి పాడినచో, ఎదిరివారు మోసపోవుదురో లేదో గాని, మనలను నమ్మిన జతగాడు మాత్రము తప్పక మోసపోవును. మన కాలువలలో గడవేయువాడు చుక్కాని పట్టినవానికి చెప్పక తన యిచ్చవచ్చిన వైపు నావను త్రోసినచో నావ గట్టునెక్కును. చుక్కాని పట్టినవాడు ఎంత ఘనుడైన నేమి లాభము?

ఒకనాటి ముచ్చట చెప్పెదము. ఆసునకు 4, రాజునకు 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున లెక్కగట్టుట వాడుక. 15 మొదలు 17 పాయింట్లుండి, రంగులన్నియు సమముగా నున్నచో ‘ఒక నో ట్రంపు’ పాడుట మా ఒప్పందము. దానికి జతగాడు ‘రెండు ఇస్పేట్లు’ అన్నచో, తనయొద్ద బలము లేదు, ఇస్పేట్లు మాత్రము పొడుగు, ఇక ఆగవలసినదని అర్థము. ఆనాడు మాకు 17 వచ్చినవి. ఒక నో ట్రంపు పాడితిమి. ఆయన రెండు ఇస్పేట్లు అనెను. ఇంత మంచి చేయి పెట్టుకొని ఊరకుండుటా యని మేము మూడు ఇస్పేట్లు పాడితిమి. తొమ్మిది పట్టులు కావలెను, ఎనిమిదియే వచ్చినవి. రెంటియొద్ద ఆగియున్నచో గెలిచియుండెడివారమే. ఆయన కోపింపలేదు. ముక్కలు ప్రోగుచేయుచు ఇట్లనెను: “అబ్బాయీ, నీ పదియేడు సంగతి నీవు మొదటి మాటతోనే చెప్పితివి. నా మూడు సంగతి నీకు తెలియదు. ఇద్దరి చేతులు తెలిసినవాడు ఆపవలెనా, ఒక్క చేయి తెలిసినవాడు ఆపవలెనా?”

మా అభిప్రాయమున బ్రిడ్జి పుస్తకములలోని సగము నియమములు ఈ ప్రశ్నలో నిమిడియున్నవి. తన చేయి నొకసారి సరిగా చెప్పినవాడు దానినే రెండవసారి చెప్పరాదు. ఇంకను చెప్పనివాడు ఎవడో వాడే తీర్పరి. ఈ తీర్పరితనము నేర్పును బట్టి వచ్చునది కాదు సుమా! ఒక్కొక్కసారి అది కొత్తవానికే దక్కును. అప్పుడు నేర్పరియే తలయొగ్గవలెను.

ఆటలోను ఇంతే. నో ట్రంపు ఆటలో ఎదుర్కొనువాడు తన పొడుగు రంగులో పైనుండి నాలుగవ ముక్కతో ఆరంభించుట వాడుక. ఆ ముక్క అంకెను 11 నుండి తీసివేయగా మిగిలినన్ని పెద్ద ముక్కలు తక్కిన మూడు చేతులలో నుండును. మా జతగాడు ఒకనాడు ఆఠీను ఆరు వేసెను. పదునొకండులో ఆరు పోగా ఐదు. పాట గెలిచినవాని యెదుట పరచిన డమ్మీలో రాజు, ఏడు, రెండు. ఆరింటికి పెద్దవి రెండు. మాయొద్ద ఆసు, పది, తొమ్మిది, అవి మూడు. ఐదును తీరినవి గనుక పాటగాని చేతిలో ఆరింటికి మించినది ఒక్కటియు లేదు. డమ్మీ నుండి రెండు పడగా మేము ధైర్యముగా తొమ్మిది వేసి పట్టు తెచ్చితిమి. ఆసు డమ్మీలోని రాజునకై కాచుకొని యుండెను. ఆటలో మాకు అంత సంతోషము మరెన్నడును కలుగలేదు. ఇందు మా ఘనత లేదు. ఆయన ఆనాడు ఆరు గాక వేడుకకు ఎనిమిది వేసియున్నచో మా తీసివేత యంతయు తప్పియుండెడిది.

ఇక కఠినమైన భాగము. పశువుల సంతలో తువ్వాలు క్రింద వేళ్లు పట్టుకొని బేరము చేయుదురు. అది అచ్చటి ఆచారము. బ్రిడ్జి బల్లయొద్ద అట్టి చాటుమాట పెద్ద దోషము. ఒప్పందములు ఏవైనను ఎదిరిజతకు గూడ తెలిసియుండవలెను. జతగాడు చాలసేపు తడబడి ‘పాస్’ అన్నాడనుకొనుడు. చెవికి సోకినది పాస్. మనసుకు సోకినది ఆయనయొద్ద ఏదో కొంత యున్నదని. ఆ రెండవదానిని వాడుకొనరాదని ఆటధర్మము. వినియు విననట్లుండుట ఎంత కష్టమో కూర్చున్నవారికే తెలియును. 1975లో బెర్ముడా ద్వీపమున జరిగిన ప్రపంచపు పోటీలో జతగాండ్ర మొగములు ఒకరికొకరికి కనబడకుండ బల్లకు అడ్డముగా తెరలు కట్టిరి. మా అరుగుమీద తెర లేదు. ఆయన ఏ ముక్కకైనను ఒకే తీరున వేచి, ఒకే గొంతుతో పలికెడివారు.

2018లో జకార్తాయందు బ్రిడ్జి మొదటిసారి ఆసియా క్రీడలలో చేరినప్పుడు పురుషుల జతలపోటీలో బంగారు పతకము మనదేశమునకు వచ్చెను. గెలిచిన ప్రణబ్ బర్ధన్‌కు 60 ఏండ్లు, శిబ్‌నాథ్ సర్కార్‌కు 56. స్త్రీపురుషుల మిశ్రమజట్టు కంచుపతకము తెచ్చెను. ఆ జట్టులో బాచిరాజు సత్యనారాయణ యను మనవారి పేరువంటి పేరు చదివి మేము పత్రికను మరి యిద్దరికి చూపితిమి. పరుగుపందెములలో ఆ వయసువారికి చోటు దొరకునా?

మా జతగానియొద్ద నొక నోటుపుస్తకముండెడిది. ఆట ముగిసిన పిదప ఓడిన చేతులను వ్రాసి, ఒప్పందము తప్పినవాని పేరిట గీత గీసెడివారు. మొదటి యేడు గీతలన్నియు మావే. ఒక పుటలో మాత్రము గీత ఆయన పేరిటనే కలదు. ఆనాడు మేము 15 పాయింట్లతో ధర్మముగా ఒక నో ట్రంపు పాడితిమి. ఆయనయొద్ద 18. రెండును కలిసి 33; పండ్రెండు పట్టుల చిన్న స్లామునకు అంత చాలునని వాడుక లెక్క. ఆయన మూడు నో ట్రంపుతో ఆగిపోయిరి. పట్టులు పండ్రెండు వచ్చినవి. స్లామునకు రావలసిన బహుమానము పోయినది. “ఏమండీ, ఎందుకు ఆగితిరి?” అని అడిగితిమి. ఆయన తన పేరిట గీత గీసికొని, పుస్తకమును వెనుకకు త్రిప్పి, ముందటి వారమున మేము 13 పాయింట్లకే ఒక నో ట్రంపు పాడిన పుటను చూపిరి.